రోగి పక్క కుర్చీలో ఉన్నవాళ్లు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆవిడ పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీద ఉంది. అదే పనిగా తలచి పొగిడితే ఆవిడకు గిట్టేది కాదని ఆవిడ కింద పనిచేసినవాళ్లందరికీ తెలుసు. అందుకని ఆ పని పెట్టుకోను. డాక్టరు రౌండ్స్ ముగించుకుని వెళ్లాక, మంచం పక్కన నిలబడ్డ మనిషిని పలకరించకుండా వార్డు దాటేవారు కారని మాత్రం అందరూ చెబుతారు. ఆ మంచం పక్క మనుషుల గురించే నేనూ మాట్లాడతాను. అయితే మన వార్డుల సంగతి కాదు. కాలిఫోర్నియా నడిమి లోయలో, ఫ్రెస్నో చుట్టుపక్కల, కేన్సర్ రోగుల కుటుంబాల మధ్య సోషల్ వర్కర్‌గా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. ఆ జిల్లా జనాభాలో సగానికి పైగా లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో రోగిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఎలాంటి ఆసరా కావాలి, వాళ్ల పద్ధతులను మన్నిస్తూ ఆ ఆసరా ఇవ్వడమంటే ఏమిటి అన్నది నా విషయం.

ఆస్పత్రి వరండాల్లో ఒక మాట తరచుగా వినేదాన్ని. "ఈ కుటుంబాలకు మనం పెద్దగా చేయాల్సిందేమీ ఉండదు, వాళ్లవాళ్లను వాళ్లే బాగా చూసుకుంటారు." మెచ్చుకోలుగా అనేవాళ్లు. అనేవాళ్లలో మంచివాళ్లూ ఉండేవాళ్లు. ఆ మెచ్చుకోలు అయ్యాక జరిగేది ఒకటే. డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టించుకుని, మందుల సంచీ కూతురి చేతిలో పెట్టి పంపేసేవాళ్లు. ఇంటికి నర్సును పంపాలా అని అడిగేవాళ్లు కారు. ఆ పిల్ల రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో చెప్పేవాళ్లు కారు. ఒక జనం మంచితనాన్ని పొగడటం, ఆ జనానికి రావాల్సింది ఎగ్గొట్టడానికి ఇంత సులువుగా పనికొస్తుందని నేను అక్కడే చూశాను.

ముందుగా, లాటినోలంటే అందరూ ఒక్కటే అనుకోవద్దు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో వాళ్లు 6 కోట్ల 21 లక్షల మంది, నూటికి దాదాపు 19 మంది. మెక్సికో మూలాలున్నవాళ్లే ఎక్కువ. అయినా మయామీలో ఉండే క్యూబా కుటుంబానికీ, న్యూయార్క్‌లో ఉండే ప్వెర్టోరికో కుటుంబానికీ, ఫ్రెస్నో ద్రాక్షతోటల్లో కూలిచేసే వహాకా కుటుంబానికీ కేన్సర్ వచ్చినప్పుడు ఎదురయ్యే కష్టాలు వేరు వేరు. ప్వెర్టోరికో వాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు, కాగితాల బెంగ లేదు. మెక్సికో దక్షిణాన ఉన్న వహాకా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇంటిభాష స్పానిష్ కూడా కాదు, మిష్టెకో. ఆస్పత్రివాళ్లు స్పానిష్ దుబాసీని పిలిపించి తమ బాధ్యత తీరిందనుకుంటారు. తల్లి మర్యాద కోసం తల ఊపుతూ కూర్చుంటుంది. ఇంటికెళ్లాక ఎవరికీ ఏమీ తెలియదు.

రోగం లెక్కలు చూస్తే, తెల్లవాళ్లతో పోల్చినప్పుడు లాటినోల్లో కేన్సర్ మొత్తం మీద తక్కువే. కానీ జీర్ణాశయం, కాలేయం, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు చోట్ల వచ్చే కేన్సర్లు ఎక్కువ. మూడింటికీ సూక్ష్మజీవుల వల్ల వచ్చే అంటురోగాలతో సంబంధం ఉంది. గర్భాశయ ముఖద్వారం కేన్సర్ ఎలా ఉంటుందో మన జిల్లా ఆస్పత్రుల్లో పనిచేసిన సిస్టర్లకు నేను చెప్పనక్కరలేదు. బీమా లేక, పరీక్షలకు వెళ్లక, ముదిరాక బయటపడేవి అక్కడా చాలానే ఉంటాయి. ముదిరాక బయటపడిందంటే ఇంట్లోవాళ్ల చాకిరీ కూడా మొదటిరోజు నుంచే బరువుగా ఉంటుంది.

ఆ చాకిరీ ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఉపన్యాసాల్లో "సేవ" అని ఒక్క ముక్కతో దాటేస్తుంటారు. అమెరికాలో కేన్సర్ చికిత్స ఇప్పుడు చాలావరకు ఇంటి నుంచి వచ్చి వెళ్లే చికిత్స. రొమ్ము ఆపరేషనైన ఆవిడను అదే రోజో మర్నాడో పంపేస్తారు. చంక దగ్గర నుంచి ఒక సన్నటి గొట్టం, దాని చివర ఉల్లిపాయంత ప్లాస్టిక్ బల్బు వేలాడుతూ ఉంటాయి. ఆ బల్బును రోజుకు రెండుమూడుసార్లు ఖాళీ చేయాలి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, రంగేమిటో రాసిపెట్టాలి, గొట్టంలో గడ్డ అడ్డుపడితే వేళ్లతో పిండి దింపాలి. పేగు కేన్సర్‌కు ఇచ్చే కేపసిటబిన్ మాత్రలు సాధారణంగా రెండు వారాలు రోజుకు రెండుపూటలా వేసి, ఒక వారం ఆపాలి. ఆ ఆపే వారం మర్చిపోతే అరచేతులు, అరికాళ్లు పగిలి నడవలేని స్థితి రావచ్చు. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు తాకిందంటే అర్ధరాత్రైనా ఫోన్ చేసి తీరాలి. తెల్లకణాలు పడిపోయి ఉన్న మనిషికి అది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మార్ఫిన్ మొదలుపెడితే మలబద్ధకం మందూ మొదలుపెట్టాలి. నోటిపూతతో ముద్ద దిగని మనిషికి ఏం పెట్టాలి? ఆకలి చచ్చిపోయినవాళ్లను బతిమాలి తినిపించాలా, వదిలేయాలా? ఇదంతా నర్సింగు విద్యార్థులు ఏళ్ల తరబడి చదివి నేర్చుకునే పని. ఆ ఇళ్లల్లో బట్టల కొట్టులో పనిచేసే ఇరవై రెండేళ్ల పిల్ల, ఎవరూ నేర్పకుండా, తప్పు చేస్తే అమ్మకేమవుతుందోనన్న భయంతో చేస్తుంది.

లాటినో కుటుంబాల్లో ఇలా చూసుకునేవాళ్లు మిగతావాళ్లకంటే చిన్న వయసువాళ్లని దేశవ్యాప్త సర్వేలు చెబుతూ వస్తున్నాయి. ఆడపిల్లలే ఎక్కువ. ఉద్యోగం ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటారు. అయితే మగవాళ్ల మాట కూడా చెప్పాలి. లాటినో మగాడంటే పెత్తనం తప్ప చాకిరీ ఎరగడని ఒక ముద్ర ఉంది. నేను చూసిన భర్తల్లో చాలామంది గొట్టం ఖాళీ చేశారు, తల రుద్దారు, వాంతి ఎత్తారు. వాళ్లు పొలం నుంచి నేరుగా బూట్లతో వచ్చి కీమో గదిలో కూర్చునేవాళ్లు. వాళ్ల కోసం మేం నడిపిన ఆసరా బృందాలేమో గులాబీరంగు కరపత్రాలతో, ఆడవాళ్ల ఫొటోలతో ఉండేవి. వాళ్లు రాలేదని మళ్లీ వాళ్ల సంస్కృతినే తప్పు పట్టేవాళ్లం.

ఫమిలిస్మో అనే పేరు ఈ రంగపు వ్యాసాలన్నింటిలోనూ కనిపిస్తుంది. తన సంగతి కన్నా కుటుంబం సంగతి ముందు చూసుకోవడమనే విలువకు పరిశోధకులు పెట్టుకున్న పేరు. 1987లో ఫాబియో సబొగాల్, హెరార్దో మరీన్, మరికొందరు కలిసి దీన్ని లెక్కగట్టే ప్రయత్నం చేశారు. వాళ్లకు మూడు పాయలు కనబడ్డాయి: ఇంటివాళ్ల పట్ల బాధ్యత, కష్టమొస్తే ఇంటివాళ్లు నిలబడతారన్న నమ్మకం, ఏం చేసినా ఇంటివాళ్లు ఏమంటారో చూసి చేయడం. అమెరికా జీవితానికి అలవాటుపడేకొద్దీ మొదటిదీ మూడోదీ పలచబడుతున్నాయి. రెండోది మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఫలితం గురించి నేను చాలాకాలం ఆలోచించాను. నా అర్థం ఇది. తమకు ఆసరా దొరుకుతుందని అందరూ నమ్ముతూనే ఉన్నారు, ఆసరా ఇవ్వాల్సిన బాధ్యతను మోసేవాళ్లు తగ్గిపోతున్నారు. మధ్యలో ఏర్పడ్డ ఖాళీ ఒక్క మనిషి మీద పడుతుంది. సాధారణంగా పెళ్లికాని కూతురి మీదో, ఆస్పత్రికి దగ్గర్లో ఇల్లున్న కూతురి మీదో.

కుటుంబ విలువలు గట్టిగా ఉంటే చూసుకునేవాళ్లకు బరువు తెలియదని చాలామంది అనుకున్నారు. బాబ్ నైట్, ఫిలిప్ సయేగ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వివిధ జాతుల కుటుంబాల మీద జరిగిన పనిని 2010లో సమీక్షించారు. ఆ ఊహకు ఆధారం లేదని తేల్చారు. కుటుంబ విలువ బలంగా ఉన్నంతమాత్రాన బరువు తగ్గడం లేదు. అందులో "చేసి తీరాలి" అన్న బాధ్యత పాయ ఎక్కువగా ఉన్నచోట ఆరోగ్యానికి చెరుపు కూడా జరగవచ్చు. వాళ్లు చూసింది ముఖ్యంగా మతిమరుపు జబ్బున్నవాళ్ల కుటుంబాలను, కేన్సర్ కుటుంబాలను కాదు. అయినా నేను ఎదురుగా చూసినదానికి అది సరిగ్గా సరిపోయింది. అమ్మను చూసుకోవడం బరువుగా ఉందా అని అడిగితే ఆ పిల్లలు నొచ్చుకునేవాళ్లు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు, నీ బీపీ మాత్రలు ఎప్పుడు తెచ్చుకున్నావు, అన్నయ్య ఆఖరుసారి ఎప్పుడొచ్చాడు అని అడిగితే అప్పుడు కళ్లు చెమ్మగిల్లేవి. సంస్కృతిని ఎరిగి మాట్లాడటమంటే నాకు అర్థమైంది చాలావరకు ఇదే, అడిగే ప్రశ్నను మార్చుకోవడం.

ఇక భాష. డాక్టరు చెప్పేది అమ్మకు, అమ్మ చెప్పేది డాక్టరుకు కూతురు చేరవేస్తుంది. అందరికీ సౌకర్యంగానే ఉంటుంది. దుబాసీ కోసం ఎదురుచూడనక్కరలేదు. గ్లెన్ ఫ్లోరెస్ అనే పిల్లల డాక్టరు బృందం 2003లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. స్పానిష్ మాట్లాడే తల్లులు పిల్లల్ని తీసుకుని డాక్టరు దగ్గరికొచ్చిన 13 సందర్భాలను రికార్డు చేసి, మాట మాటా సరిచూశారు. ఒక్కో సందర్భంలో సగటున 31 తప్పులు దొర్లాయి. వాటిలో నూటికి 63 వైద్యం మీద ప్రభావం చూపగలిగినవి. చెవిపోటుకు నోట్లో పోయాల్సిన అమాక్సిసిలిన్‌ను చెవుల్లో పోయమని ఒక తల్లికి చెప్పారు. దుబాసీగా తర్ఫీదు పొందనివాళ్లు, అంటే నర్సులు, ఇంట్లోవాళ్లు, ఇంటిపిల్లలు చెప్పినప్పుడు ప్రమాదకరమైన తప్పులు మరింత ఎక్కువ. ఇవి పిల్లల దగ్గు, జ్వరాల సందర్భాలు. కేన్సర్ గదిలో అయితే తప్పు పొరపాటున మాత్రమే రాదు. కూతురు కావాలని మింగేస్తుంది. "ఇక చికిత్సతో లాభం లేదు" అని డాక్టరన్న మాటను ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూస్తూ ఎలా చెబుతుంది? చెప్పకపోతే డాక్టరును మోసం చేసినట్టు, చెబితే తల్లిని చంపినట్టు అనిపిస్తుంది. ఆ బాధ ఏ ప్రశ్నావళిలోనూ నమోదు కాదు.

ఈ విషయంలో అమెరికా చట్టం గట్టిదే. సర్కారు సొమ్ము తీసుకునే ఆస్పత్రి భాష కారణంగా వివక్ష చూపరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచే అర్థం చెబుతూ వచ్చారు. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం కింద చేసిన నిబంధనలు, అత్యవసరమైతే తప్ప మైనరు పిల్లలచేత దుబాసీ పని చేయించరాదని స్పష్టంగా చెప్పాయి. భాషా సేవల మీద 2000లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దుచేసి, ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు. చట్టాలు మాత్రం పుస్తకంలో అలాగే ఉన్నాయి. నా మటుకు ఇంత గట్టిగా చెబుతాను: కేన్సర్ కుటుంబానికి చేయగల మొదటి సాయం, అన్నిటికన్నా చవకైన సాయం, ఫోన్‌లోనో తెరమీదో తర్ఫీదైన దుబాసీని పెట్టి ఆ కూతుర్ని కూతురిగా కూర్చోనివ్వడం. మిగతా పథకాలన్నీ ఆ తర్వాతే.

అసలు చెప్పాలా వద్దా అన్నది ఇంకో చిక్కు. ఇది మీకు బాగా తెలిసిన చిక్కు. "ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు" అని కొడుకు మిమ్మల్ని పక్కకు పిలిచి చెప్పని రోజు మన కేన్సర్ వార్డుల్లో ఉండదు. 1995లో లెస్లీ బ్లాక్‌హాల్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 65 దాటిన 800 మందిని ఈ ప్రశ్నే అడిగింది. శరీరమంతా పాకిన కేన్సర్ ఉందని రోగికి చెప్పాలా? తెల్లవాళ్లలో నూటికి 87 మంది, నల్లవాళ్లలో 88 మంది చెప్పాలన్నారు. మెక్సికో మూలాలున్నవాళ్లలో 65 మంది, కొరియా మూలాలున్నవాళ్లలో 47 మంది మాత్రమే ఆ మాటన్నారు. ఇక బతకరన్న సంగతి చెప్పాలా అంటే మెక్సికన్లలో ఆ సంఖ్య 48కి దిగింది. ప్రాణం నిలిపే యంత్రాల విషయంలో నిర్ణయం రోగిదే కావాలన్నవాళ్లు వాళ్లలో 41 మంది.

ఈ అంకెలను చదివినవాళ్లు రెండు రకాల తప్పులు చేశారు. ఒకరు రోగికి హక్కుంది కాబట్టి మొహాన చెప్పేస్తామన్నారు. ఇంకొకరు వాళ్ల సంస్కృతి అంతే కాబట్టి రోగికి చెప్పం, కుటుంబానికే చెబుతామన్నారు. రెండోవాళ్లు తాము మహా సున్నితంగా ఉన్నామనుకుంటారు. కానీ అదే లెక్కను తిరగేసి చదవండి. నూటికి 65 మంది మెక్సికన్ వృద్ధులు చెప్పమనే అన్నారు! వాళ్ల ముఖం చూసి మనం ఊహించి నోరు మూసుకుంటే ఆ 65 మందికి అన్యాయం. అమెరికా తీరుకు అలవాటుపడ్డవాళ్లు చెప్పాలనడం ఎక్కువని కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. ఒకే ఇంట్లో తల్లిది ఒక మాట, కూతురిది ఒక మాట అవుతుందన్నమాట. మేం చేసిన పద్ధతి సాదాసీదాది. పరీక్షల ఫలితాలు రాకముందే రోగినే అడిగేవాళ్లం. "అన్నీ మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా? ఆ మాట్లాడేటప్పుడు మీరు ఉంటారా?" చాలామంది ఒక పేరు చెప్పేవాళ్లు. ఒక్కోసారి ఆ పేరు భర్తది కాదు, పెద్దకొడుకుది కూడా కాదు, చర్చిలో పరిచయమైన కొమాద్రెది. అంటే ఒకరి బిడ్డకు మరొకరు బాప్తిస్మంలో తల్లిగా నిలబడటంతో బంధువైన ఆవిడది.

ఆ కొమాద్రె సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఫెడరల్ ఉద్యోగ చట్టం ఆవిడను కుటుంబంగా గుర్తించదు. 1993లో వచ్చిన ఫెడరల్ కుటుంబ సెలవు చట్టం ప్రకారం జబ్బుపడ్డ భార్యను, భర్తను, తల్లిదండ్రులను, పిల్లలను చూసుకోవడానికి ఏడాదికి 12 వారాలు సెలవు పెట్టొచ్చు. జీతం ఉండదు. పైగా 50 మందికి తక్కువ ఉన్న సంస్థలో పనిచేస్తుంటే ఆ హక్కూ లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మమ్మ, అత్తగారు ఆ జాబితాలో లేరు. ఒక ఇంటి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. జీర్ణాశయ కేన్సర్ వచ్చిన ఆవిడకు పెళ్లికాలేదు, పిల్లల్లేరు. చూసుకున్నది చెల్లెలు, ఒక కొమాద్రె వంతులవారీగా. చెల్లెలు పండ్ల ప్యాకింగు షెడ్డులో పనిచేసేది. ఫెడరల్ చట్టం దృష్టిలో ఆ అక్క ఆవిడకు ఏమీ కాదు. కాలిఫోర్నియాలో ఉండబట్టి సరిపోయింది. 2004 జులై నుంచి ఆ రాష్ట్రం కుటుంబ సెలవుకు కొంత జీతం కూడా ఇస్తోంది, ఆ నిధి కార్మికుల జీతాల్లో కోతతో నడుస్తుంది. 2014లో ఆ జాబితాలో తోబుట్టువులను, తాత మామ్మలను, మనవలను, అత్తమామలను చేర్చారు. ఇమిగ్రేషన్ హోదా ఏదైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంగతి షెడ్డులో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ జీతం నుంచి ఏళ్లుగా కోస్తూనే ఉన్నారు. ఫారం నింపడానికి మాకు పట్టింది ఒక్క మధ్యాహ్నం. సంస్కృతి గురించి నేను వెళ్లిన శిక్షణ తరగతులన్నీ కలిపినా ఆ మధ్యాహ్నమంత పనికిరాలేదని నా అభిప్రాయం.

ఇంతకీ నా ఫిర్యాదు అదే. డబ్బు లేకపోవడాన్ని, సమయం లేకపోవడాన్ని, కాగితాలు లేకపోవడాన్ని సంస్కృతి అని పిలవడం ఈ రంగానికి అలవాటైపోయింది. ఫతలిస్మో అన్నది దీనికి మంచి ఉదాహరణ. అంతా దైవాధీనం అనుకోవడం వల్ల లాటినోలు పరీక్షలకు రారని, చికిత్స వాయిదా వేస్తారని పుస్తకాల మీద పుస్తకాలు చెప్పాయి. 2007లో ఆనా అబ్రైదో లాన్సా, మరికొందరు దీన్ని గట్టిగా నిలదీశారు. డాక్టరును చూపించుకునే దారి లేనివాళ్లు "దేవుడి దయ" అంటే అది వాళ్ల బతుకు గురించి వాళ్లు చెప్పే నిజమైన లెక్క కావచ్చు కదా? దేవుడి మీద భారం వేసిన మనిషి కీమోకు టంచనుగా రావడం మీరు మన ఆస్పత్రుల్లో చూడరా? మెక్సికోవాళ్లు కొలిచే గ్వాదలూపే మాత పటం దిండు కింద పెట్టుకుని, డిసెంబరు 12 పండుగకు మొక్కు మొక్కుకుని, మర్నాడు ఎనిమిదింటికల్లా రేడియేషన్‌కు వచ్చినవాళ్లను నేను ఎందరినో చూశాను. మొక్కు వాళ్లను ఆపలేదు. ఆపింది కారులో పెట్రోలు, ఒకరోజు కూలీ, దారిలో తనిఖీ ఉంటుందేమోనన్న భయం.

కాగితాలు లేని కుటుంబంలో చూసుకునే మనిషికి పడే కష్టం మరోరకం. ఇంట్లో ఒకరు పౌరులు, ఒకరికి గ్రీన్‌కార్డు, ఒకరికి ఏమీ లేదు. ఇంటికి హోమ్ నర్సు వస్తానంటే వద్దంటారు, తలుపు తట్టేవాళ్లెవరో తెలియని భయం. మెక్సికోలో తల్లి చావుబతుకుల్లో ఉన్నా వెళ్లలేరు, వెళ్తే మళ్లీ రాలేరు. ఫ్రెస్నోతో సహా మెక్సికో కాన్సులేట్లలో "వెంతనియా దె సాలూద్" అని ఆరోగ్య కిటికీలు నడుస్తాయి. పాస్‌పోర్టు పనికి వచ్చినవాళ్లకు బీపీ, షుగరు చూసి, ఏ క్లినిక్‌కు వెళ్లాలో చెబుతారు. సొంత దేశపు గుమ్మంలో కాబట్టి జనం జంకు లేకుండా అడుగుతారు. మేం చాలా కుటుంబాలను అక్కడే మొదట కలిశాం. కాలిఫోర్నియా ప్రభుత్వం 2024 జనవరికల్లా అన్ని వయసులవాళ్లకూ కాగితాలతో నిమిత్తం లేకుండా తన బీమాను విస్తరించింది. 2026 జనవరి నుంచి కాగితాలు లేని పెద్దవాళ్లను కొత్తగా చేర్చుకోవడం ఆపింది. రెండేళ్ల ముచ్చట.

ఏం చేస్తే పనిచేస్తుందన్న దానికి ఆధారాలు కొన్ని ఉన్నాయి. వాషింగ్టన్ ప్రాంతంలో 1996లో రొమ్ము కేన్సర్ నుంచి బయటపడ్డ లాటినా స్త్రీలు నువేవా వీదా అనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్ల పద్ధతిని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీ గ్రేవ్స్ బృందం, న్యూయార్క్, శాన్ హోసె నగరాల్లోని సంస్థలతో కలిసి పరీక్షించింది. ఎనిమిది సమావేశాలు. రోగి, చూసుకునే మనిషి ఇద్దరూ ఒకేసారి వస్తారు, కానీ వేర్వేరు గదుల్లో కూర్చుంటారు. దీని కిటుకు నాకు బాగా నచ్చింది. "నేను ఆసరా బృందానికి వెళ్లొస్తా" అంటే రోగిని ఒంటరిగా వదిలి పోతున్నట్టు. "అమ్మను మీటింగుకు తీసుకెళ్తున్నా" అంటే బాధ్యత నెరవేర్చినట్టు. ఆ పక్కగదిలో తలుపు మూసుకున్నాక అమ్మ ముందు అనలేనిది అనొచ్చు.

టూసాన్‌లో అరిజోనా విశ్వవిద్యాలయంలో టెర్రీ బ్యాడ్జర్ బృందం 2013లో ఇంకో సంగతి చెప్పింది. రొమ్ము కేన్సర్ ఉన్న 90 మంది లాటినాలను, వాళ్లు తమకు అండ అని పేరిచ్చిన ఒక్కొక్క మనిషిని తీసుకుంది. కొందరికి ఎనిమిది వారాలు ఫోన్‌లో మానసిక కౌన్సెలింగ్, మిగతావాళ్లకు అంతేకాలం ఫోన్‌లో ఆరోగ్య పాఠాలు. అండ ఎవరో రోగినే చెప్పమన్నారు, భర్తే కావాలని పట్టుబట్టలేదు. కౌన్సెలింగ్ గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. రెండు వర్గాలూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. దీన్ని ఓటమిగా చదివినవాళ్లున్నారు. నేను అలా చదవను. ఆ కుటుంబాలకు కౌన్సెలింగంటే పిచ్చివాళ్లకు చేసేదన్న బెరుకు ఉంటుంది. పాఠం అంటే ఆ బెరుకు లేదు. పాఠం కూడా అంతే మేలు చేస్తే పాఠమే ఇద్దాం, దానికి మనోవైద్యంలో డిగ్రీ ఉన్నవాళ్లు కూడా అక్కరలేదు. కాలిఫోర్నియాలో ఆనా నాపోలెస్ నడిపిన "నువేవో అమనెసేర్" దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. అక్కడ పాఠాలు చెప్పింది కేన్సర్‌ను గట్టెక్కిన స్త్రీలే. 2015లో అచ్చైన ఆ ఫలితాలు బాగున్నాయి. కాకపోతే అది రోగుల కోసం, చూసుకునేవాళ్ల కోసం కాదు.

ఫోతొనొవేలా గురించి కూడా రెండు ముక్కలు. మన వారపత్రికల సీరియల్‌కు ఫొటోలు అతికించినట్టుండే పుస్తకం అది, మెక్సికోలో దశాబ్దాల తరబడి బస్‌స్టాండుల్లో అమ్ముడుపోయిన సరుకు. స్టాన్‌ఫర్డ్‌లో డొలోరెస్ గలగర్ థాంప్సన్ మతిమరుపు రోగుల కుటుంబాల కోసం ఒకటి తయారుచేయించి, మామూలు సమాచార పత్రంతో పోల్చి చూశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం ఆ బొమ్మల కథ చదివినవాళ్లలో దిగులు ఎక్కువగా తగ్గింది.  ఈ కుటుంబాలు ఆరోగ్య కరపత్రాలు చదవరు అన్న ఫిర్యాదు నిజం కాదు, చదివించేలా రాయలేదంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్ల మాట ఒకటి. అక్కడ పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లికో తండ్రికో అనుకోకుండా కేన్సర్ బయటపడితే, తెలుగు ఇళ్లలోనూ ఇవే సన్నివేశాలు. ఇంగ్లీషు వచ్చిన కోడలు దుబాసీ అవుతుంది. "నాన్నగారికి చెప్పొద్దు" అని కొడుకు అంటాడు. బీమా చాలదు. తేడా ఏమిటంటే, మనవాళ్లకు ఆసుపత్రిలో తెలిసిన డాక్టరు ఒకరు తగులుతారు, తిరుగు టికెట్టు కొనే స్తోమత ఉంటుంది. ఇక్కడి ఆస్పత్రుల్లో అయితే "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని రోజుకు ఇరవైసార్లు కేక వినిపిస్తుంది. రక్తం తేవడానికి, బిల్లు కట్టడానికి, మందులు కొనడానికి ఆ తాలూకు మనిషి కావాలి. నేర్పడానికి ఎవరూ పిలవరు. ఆ సంగతిలో కాలిఫోర్నియాకూ మనకూ తేడా నేననుకున్నంత లేదు.

నేర్పడం విషయంలో అక్కడ ఈ మధ్య కదలిక వచ్చింది. 2014లో ఓక్లహామా రాష్ట్రం ఒక చట్టం చేసింది. రోగిని చేర్చుకునేటప్పుడే ఇంట్లో ఎవరు చూసుకుంటారో వాళ్ల పేరు రికార్డులో రాయాలి, పంపేముందు వాళ్లకు కబురు చెప్పాలి, ఇంట్లో చేయాల్సిన పనులు చూపించాలి. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి. రికార్డులో ఒక్క పేరుకే గడి ఉంటుంది. మూడు పేర్లు చెప్పే కుటుంబాలకు అది చాలదు, మేం మార్జిన్‌లో రాసేవాళ్లం. 2024 జనవరి నుంచి మెడికేర్, అంటే 65 దాటినవాళ్లకూ కొందరు వికలాంగులకూ ఇచ్చే ప్రభుత్వ బీమా, చూసుకునేవాళ్లకు తర్ఫీదు ఇచ్చిన సమయానికి విడిగా డబ్బు చెల్లిస్తోంది. రోగి ఆ గదిలో లేకపోయినా చెల్లిస్తుంది, అది పెద్ద మార్పు. కానీ మన కథలోని లాటినో రోగికి చాలాసార్లు 65 నిండవు. నలభై అయిదేళ్ల ద్రాక్షతోట కూలీ కూతురికి గొట్టం ఖాళీ చేయడం, జ్వరం చూసి ఫోన్ చేయడం స్పానిష్‌లోనో మిష్టెకోలోనో నేర్పిన గంటకు ఆ తండ్రి బీమా ఒప్పుకుంటే సరి, ఒప్పుకోకపోతే ఇప్పటికీ ఆ గంట డ్యూటీ దిగిన నర్సు ఖాతాలోనే పడుతోంది.